పట్టు కాదన్న రోజు

నేను చదివింది టెక్స్‌టైల్స్. బట్టల మీద డిగ్రీ అంటే మా గల్లీలో చాలామందికి టైలరింగ్ అనే లెక్క. "కుట్టుడు మీ అమ్మ దగ్గర నేర్చుకోరాదు? గంత దూరం యూనివర్సిటీకి ఎందుకు?" అని పక్కింటామె మొదటి వారమే అడిగింది. నేను జవాబు చెప్పకుండా నవ్వాను. నాకు తెలిసింది వీళ్ళకు తెలియదు అనుకునే నవ్వు అది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకే సిగ్గేస్తుంది. అప్పట్లో మాత్రం అది నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఎల్బీనగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్న పండ్ల మార్కెట్‌లో హమాలీ. మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళు నడిచి పోయి వచ్చేవాడు. బాటసింగారానికి మార్చాక తెల్లారకముందే ఎవరిదో ట్రాలీ ఆటో వెనక కూర్చుని పోతున్నాడు. అమ్మ ఇంట్లోనే చీరలకు ఫాల్ కుట్టేది, పికో చేసేది, కొంగులకు కుచ్చులు కట్టేది. ఆమెకు పని ఇచ్చేది దాదాపు ఒక్క మనిషే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండే ఆవిడ. నేను ఆమెను ఆంటీ అనేదాన్ని.

ఆంటీ వాళ్ళది కాకినాడ వైపు. భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె ఇంట్లోనే చీరలు అమ్మేది. దుకాణం లేదు, బోర్డు లేదు. హాల్లో దివాన్ కింద పెట్టెలో, పడకగది బీరువాలో, తెల్లగుడ్డలు చుట్టిన పట్టుచీరలు. ఏడాదికి రెండు మూడుసార్లు తనే ఉప్పాడ వెళ్ళి, మగ్గాల దగ్గర కూర్చుని, నేసిన చీరను చేతిలోకి తీసుకుని చూసి తెచ్చేది. కొనేవాళ్ళంతా ఒకరు చెబితే ఇంకొకరు వచ్చినవాళ్ళే. ఆమె మాట మీద నమ్మకంతో వచ్చి కొనుక్కుని పోయేవాళ్ళు.

చిన్నప్పటి నుంచి అమ్మ వెంట ఆ ఇంటికి పోయేదాన్ని. అమ్మ లెక్క చూసుకుని చీరలు సంచిలో సర్దుకునే లోపల ఆంటీ నన్ను దగ్గర కూర్చోబెట్టుకునేది. "ఇలా చూడమ్మడూ, తిరగేసి చూడు. వెనకాల కూడా పువ్వు అంతే శుభ్రంగా ఉందా? అదీ మా వైపు జాందానీ పని" అనేది. నా వేళ్ళు పట్టుకుని బట్ట మీద పెట్టి, "చల్లగా ఉండి, కాసేపటికి వెచ్చబడుతోందా? గుర్తుపెట్టుకో" అనేది. బట్ట గురించి నాకు మొదట తెలిసిందంతా అలా తెలిసిందే.

ఇంటర్ అయ్యాక యూనివర్సిటీలో ఈ కోర్సు ఉందనీ, ఒక ట్రస్టు వాళ్ళు ఏటా కొంతమందికి మొత్తం చదువుకు స్కాలర్‌షిప్ ఇస్తారనీ చెప్పింది కూడా ఆంటీయే. ఎవరో కస్టమర్ కూతురు చదువుతోందట. ఇంటర్వ్యూకు రకరకాల నేతల ముక్కలు అతికించిన పుస్తకం ఒకటి తీసుకెళ్ళాలి. ఆంటీ రెండు రోజులు కూర్చుని జాకెట్టు గుడ్డల అంచుల్లోంచి చిన్న చిన్న ముక్కలు కత్తిరించి ఇచ్చింది. ఒక్కోటీ ఏ ఊరిదో, పోగు ఏమిటో, అంచు ఎలా కలుపుతారో చెబుతుంటే నేను రాసుకున్నాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు ఉన్నారు. ఒకాయన పుస్తకం తిరగేసి, "ఇవన్నీ నువ్వే సేకరించావా?" అని అడిగాడు.

"అవును సార్. నేతగాళ్ళ ఊళ్ళకు పోయి తెచ్చిన" అన్నాను.

మా అమ్మమ్మ ఊరు, హైదరాబాదు తప్ప నేను చూసిన ఊరు లేదు. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు, ఎవరూ నేర్పలేదు. వాళ్ళు ముఖాలు చూసుకుని తలూపారు. స్కాలర్‌షిప్ వచ్చింది. ఆంటీ స్వీట్లు కొని మా ఇంటికి వచ్చింది. అన్నేళ్ళలో ఆమె మా ఇంటికి రావడం అదే మొదటిసారి. అమ్మ కుర్చీ తుడిచి వేసి, పక్కన నిలబడే ఉంది. ఇంటర్వ్యూలో ఏం చెప్పానో ఇద్దరికీ చెప్పలేదు.

రెండో ఏడాదిలో మాకు నూలు, పట్టు, ఉన్ని, పాలిస్టర్ కాల్చి గుర్తుపట్టడం నేర్పారు. పోగును చిమటాతో పట్టుకుని మంట దగ్గరకు తెస్తే నూలు కాగితంలా మండుతుంది. పట్టు నెమ్మదిగా కాలి, జుట్టు కాలిన వాసన వేస్తుంది, మిగిలిన బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. ల్యాబ్‌లో మాకు ముక్కలు ముందే కత్తిరించి ఇచ్చేవారు. కాల్చి పేరు రాయడమే మా పని. నేను ఒక్కటి కూడా తప్పు రాయలేదు.

స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్ళు ప్రతి సెమిస్టర్‌లో చదివింది చుట్టుపక్కల వాళ్ళకు చేసి చూపించి, వీడియోతో ఒక రిపోర్టు ఇవ్వాలి. నేను ఈ కాల్చే పరీక్ష తీసుకున్నాను. ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తుంటే ఆంటీయే అంది: "ఎక్కడో ఎందుకే? మా ఇంట్లో పెట్టు. పెళ్ళిళ్ళ సీజన్, ఎలాగూ పదిమంది వస్తారు. నువ్వు చెబితే వాళ్ళకూ తెలుస్తుంది, నాకూ గొప్పగా ఉంటుంది."

రెండో శనివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. ఆంటీ పొద్దున్నే పులిహోర కలిపింది. హాల్లో చాప పరిచి, మధ్యలో పీట మీద కొవ్వొత్తి, స్టీలు పళ్ళెం, చిమటా పెట్టాను. ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి రికార్డింగ్ ఆన్ చేశాను. ఎనిమిదిమంది ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో సైదాబాద్ నుంచి వచ్చిన ఒకామె కూతురి పెళ్ళికి ఆంటీ దగ్గర మూడు పట్టుచీరలు చెప్పి ఉంచింది. అమ్మ ఒక మూల గోడకు ఆనుకుని ఫాల్ కుడుతూ కూర్చుంది. నేను రమ్మంటే వచ్చింది కానీ ఖాళీ చేతులతో కూర్చోవడం ఆమెకు రాదు.

మొదట అంతా బాగానే సాగింది. ఒకామె చున్నీ అంచు నుంచి పోగు తీసి కాల్చి పాలిస్టర్ అన్నాను. ఆమె, "అయ్యో, కాటన్ అని ఇచ్చాడే!" అని నవ్వింది. ఇంకొకామె తన పాత చీర నుంచి తనే పోగు లాగి ఇచ్చింది. అది అసలు పట్టు. జుట్టు కాలిన వాసన రాగానే అందరూ ముక్కులు పట్టుకుని నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను మాట్లాడుతుంటే అంతమంది పెద్దవాళ్ళు వింటున్నారు. నా గొంతు నాకే కొత్తగా, ల్యాబ్ పాఠాలు చెప్పే మా మేడమ్ గొంతులా వినిపించింది.

అప్పుడు ఆంటీ లేచి లోపలికి వెళ్ళి, సైదాబాద్ ఆమె చెప్పి ఉంచిన చీరల్లో ఒకటి, ముదురు ఆకుపచ్చది, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నాదీ ఒకటి కాల్చి చూపించమ్మా. వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూస్తారు" అంది.

కొత్త పెళ్ళిచీర. లోపలి నుంచి పోగు లాగితే గీత పడుతుందేమోనని భయం వేసింది. కొంగు చివర కుచ్చులు ఉన్నాయి. వాటిలో ఒక దారం కొస కత్తిరించి మంట దగ్గర పెట్టాను. అది ముడుచుకుంది. కరిగింది. నల్లటి పూస కట్టింది. ప్లాస్టిక్ కాలిన వాసన.

ఆ ఒక్క క్షణం నేను ఆగి ఉండాల్సింది. అక్కడ కూర్చున్నవాళ్ళందరికంటే నాకే ఎక్కువ తెలుసు కాబట్టి నేనే ఆగాల్సింది. పదేళ్ళుగా ఆ ఇంటి చీరలు నా వేళ్ళకు తెలుసు. ఒళ్ళో ఉన్న ఆ చీర చల్లగా ఉండి వెచ్చబడుతూనే ఉంది. కానీ అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"ఇది పట్టు కాదు. పాలిస్టర్" అన్నాను.

ఆంటీ ముందు నవ్వింది, నేను ఏదో హాస్యం ఆడుతున్నాననుకుని. "అలా ఎలా అవుతుందే? మగ్గం మీద ఉండగా చూసి తెచ్చాను. ఇంకోసారి చూడు" అంది.

ఇంకో కుచ్చు నుంచి ఇంకో దారం తీశాను. మళ్ళీ అదే పూస.

మూల నుంచి అమ్మ గొంతు వినిపించింది. "బిడ్డా, జర ఆగు. గా దారం..."

"అమ్మా, నువ్వు ఊకో. నీకు తెల్వది" అన్నాను. గట్టిగానే అన్నాను. తర్వాత ఆంటీ వైపు తిరిగి, మంచి తెలుగులో, "టెస్ట్ అబద్ధం చెప్పదు ఆంటీ. మిమ్మల్ని ఎవరో మోసం చేసి ఉంటారు" అన్నాను. అలా అంటే ఆమెను కాపాడినట్టు అవుతుందని అనుకున్నాను.

సైదాబాద్ ఆమె లేచి నిలబడింది. "ఇరవై ఏళ్ళ నుంచి మీ దగ్గర కొంటున్నానండీ" అంది. అంతే అంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇద్దరు, ఆ వెనక మిగిలినవాళ్ళు. ఒకామె పోతూ పోతూ నా భుజం తట్టి, "చిన్నదానివైనా ధైర్యంగా చెప్పావు" అంది. ఆ మాటకు నాకు సంతోషమేసింది. రాయడానికి కష్టంగా ఉంది కానీ సంతోషమే వేసింది.

ఆంటీ ఆ చీరను మడత పెట్టింది. ఎవరూ ముట్టని పులిహోరను డబ్బాలో పెట్టి, ఎప్పట్లాగే అమ్మ చేతికిచ్చింది.

షేర్ ఆటో ఎక్కాం. ఎల్బీనగర్‌లో దిగి గల్లీలోకి మళ్ళాక అమ్మ చెప్పింది.

"గా కుచ్చులు నేను కట్టినయి బిడ్డా. చీర పోగులు పొట్టిగుండె, ముడికి అందలె. రంగు కలిసే రీలు దారం తెచ్చి కలిపి కట్టిన. నువ్వు గదే కోసి కాలవెడితివి."

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. "మరి అప్పుడే చెప్పొద్దా?" అన్నాను.

అమ్మ నా మొఖం చూసింది. "చెప్పబోతే ఊకోమంటివి కదా" అంది. కోపంగా కాదు, జరిగింది జరిగినట్టు చెప్పింది.

తర్వాత, "పొద్దుగాల పోయి ఆమెకు చెప్తా. అందరికీ ఫోన్ చేసి చెప్పుకుంటది. ఏం గాదు" అంది.

"వద్దమ్మా" అన్నాను. "సోమవారం వీడియో ఇయ్యాలె. తప్పు చేసిన్నని తెలిస్తే స్కాలర్‌షిప్ ఆపేస్తరు."

అలా ఆపేస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. ఏ కాగితంలోనూ లేదు. అమ్మ చదువుకోలేదు కాబట్టి ఆ మాట నమ్ముతుందని తెలిసి అన్నాను. "రిపోర్ట్ అయిపోనీ. తర్వాత నేనే పోయి చెప్తా" అన్నాను. అమ్మ పులిహోర డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని ముందుకు నడిచింది.

ఆదివారం సాయంత్రం కూర్చుని వీడియో చూశాను. అమ్మ గొంతు స్పష్టంగా పడింది. "జర ఆగు. గా దారం..." దాని మీద నా గొంతు. ఆ కొద్ది భాగం కత్తిరించి, ముందూ వెనకా అతికించాను. అతుకు తెలియలేదు. సోమవారం ఇచ్చాను. 'సాధారణ వినియోగదారులు మోసపోతున్న తీరు' అని పేరు కూడా పెట్టాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

తర్వాత చెప్తా అన్నది రోజులు, నెలలు అయింది. ఆంటీ నుంచి అమ్మకు ఫోన్లు తగ్గాయి. ఒకరోజు అమ్మే పోయి, ఖాళీ సంచితో తిరిగొచ్చింది. "చీరలు పోతలెవ్వట. పని లేదట" అంది. ఆంటీ ఏమైనా అందా అని అడిగితే, "చాయ్ ఇచ్చింది" అంది. ఆ నెలాఖరుకు అమ్మ నాగోల్ రోడ్డులో ఒక టైలర్ షాపులో పనికి కుదిరింది. ఇంట్లో కూర్చుని తన తీరికలో చేసుకున్న మనిషి, పొద్దున పోయి సాయంత్రం దాకా వేరేవాళ్ళ మిషన్ మీద కుట్టేది. ఎందుకు పోతున్నావని నాన్న అడిగితే, "గిరాకీ తగ్గింది" అని చెప్పింది. నా పేరు రానీయలేదు.

ఆ అపార్ట్‌మెంట్‌లోనే కింది అంతస్తులో ఉండే ఆమె, ఆ రోజు వచ్చినవాళ్ళలో ఒకరు, ఒకసారి నాకు ఫోన్ చేసింది. తన దగ్గరున్న చీరలు కూడా చూసి చెప్పమని. వద్దనలేక వెళ్ళాను. ఆంటీ ఎదురుపడుతుందేమోనని మెట్ల దగ్గరా లిఫ్టు దగ్గరా తల దించుకుని నడిచాను. కింది అంతస్తామె టీ ఇచ్చి, "మంచి పని చేశావమ్మా, లేకపోతే ఇంకా ఎంతమంది మోసపోయేవాళ్ళో" అంది. నేను ఆ టీ తాగాను. కాదని చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. కప్పు కింద పెట్టి, థాంక్స్ చెప్పి వచ్చేశాను.

మా చర్చిలో నెలకు మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. వరుసలు వరుసలుగా పోయి మోకాళ్ళ మీద కూర్చుని తీసుకోవాలి. ఆ రోజుల్లో ఒక ఆదివారం మా వరుస లేచినప్పుడు అమ్మ లేవలేదు. "రా అమ్మా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. మనసులో అబద్ధం పెట్టుకుని తీసుకోకూడదని ఆమె నమ్మకం. ఆ అబద్ధం నాది. నేను పట్టించిన మౌనం అది. వరుస కదులుతుంటే, నేను కూడా ఆగిపోతే నాన్న ఏమైందని అడుగుతాడని భయపడి, ముందుకు పోయి మోకరించి తీసుకున్నాను. తిరిగి వస్తుంటే అమ్మ జరిగి నాకు చోటిచ్చింది. ఆ రోజంతా ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయాను.

తర్వాతి సెమిస్టర్ మొదట్లో మా మేడమ్ శాంపిల్ తీసే పద్ధతి మీద పాఠం చెప్పింది. బట్ట నుంచి పోగు ఎక్కడ తీయాలి, ఎక్కడ తీయకూడదు. "నిలువు పోగు ఒకటి, అడ్డ పోగు ఒకటి, రెండూ బట్ట లోపలి భాగం నుంచే తీయాలి. అంచులు, కుట్లు, తర్వాత కట్టిన కుచ్చులు, వీటి నుంచి తీస్తే బట్ట గురించి మీకేమీ తెలియదు" అంది. మామూలుగా, బోర్డు మీద రాస్తూ చెప్పింది. నేను రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. క్లాసు చివర్లో ఆమె, "జూనియర్స్‌కు చూపించడానికి మన వాళ్ళ వీడియోలు రెండు తీసి పెట్టాను" అని నా పేరు చెప్పింది.

అందరూ వెళ్ళాక ఆమె గదికి పోయాను.

"మేడమ్, నా వీడియో చూపించొద్దు."

"ఎందుకు? బాగుంది కదా."

"అది తప్పు మేడమ్. దారం కుచ్చు నుంచి తీసిన."

ఆమె కళ్ళద్దాలు తీసి నా వైపు చూసింది. "అప్పటికి మీకు ఈ పాఠం చెప్పలేదు. తెలియక చేశావు. అక్కడ ఎవరూ చెప్పలేదా, ఆ దారం వేరేదని?"

తెలియక చేశానని ఒప్పుకుని బయటికి వచ్చేయొచ్చు. తలుపు అక్కడే ఉంది.

"చెప్పారు మేడమ్."

"ఎవరు?"

"మా అమ్మ. ఆ కుచ్చులు కట్టింది ఆమెనే. ఆమె మాట వీడియోలో కట్ చేసిన."

నేను స్కాలర్‌షిప్ గురించి అడిగాను. ఆ పరిస్థితిలో కూడా అదే అడిగాను. "రిపోర్ట్ తప్పయితే దిద్ది మళ్ళీ ఇవ్వాలి. మార్కులు తగ్గుతాయి. దానికి స్కాలర్‌షిప్ ఎందుకు ఆపుతారు?" అంది ఆమె. తర్వాత, "ఆ చీరలావిడకు చెప్పావా?" అని అడిగింది. నేను నేల చూస్తుంటే, "ముందు అక్కడికి వెళ్ళు. రిపోర్ట్ తర్వాత" అంది.

అసలు లేనే లేని దానికి భయపడి నేను అన్ని నెలలు అమ్మ నోరు మూయించాను.

ఆ శనివారం అమ్మను రమ్మన్నాను. "నువ్వు ఒక్కదానివే పో. నేనుంటే ఆమె నిన్ను ఏమీ అనలేకపోతది" అంది.

ఆంటీ తలుపు తీసి, లోపలికి రమ్మంది. హాల్లో దివాన్ కింద పెట్టె లేదు. నేను నిలబడే చెప్పాను. కుచ్చు దారం సంగతి, అమ్మ అదే రోజు నాకు చెప్పిన సంగతి, నేను ఆపిన సంగతి. ఆమె వింటూ సోఫా మీద గుడ్డ సరిచేస్తూ ఉంది.

"నాకు తెలుసమ్మా" అంది చివరికి. "మీరు వెళ్ళగానే కుచ్చులు విప్పి చూశాను. రీలు దారం. మీ అమ్మ చెప్పబోయిందీ విన్నాను, నువ్వు కసిరిందీ విన్నాను."

"మరి అందరికీ చెప్పలేదా ఆంటీ?"

"చెప్పకపోవడమేంటి! సైదాబాద్ ఆవిడకు ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. 'మీ మనిషి కూతురే, చదువుకున్న పిల్ల, మీ ఎదురుగానే చెప్పింది, ఇప్పుడు మీరు కుచ్చులంటే ఎలా నమ్మనండీ' అంది. నిజమే కదా. నేను అమ్ముకునేదాన్ని. నా మాట ఎందుకు నమ్ముతారు? నువ్వు చెబితే నమ్మేవారు."

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు.

"వారం రోజులు చూశానే నీ కోసం" అంది. "గేటు చప్పుడైతే నువ్వేనేమో అనుకునేదాన్ని. ఆ తర్వాత చూడ్డం మానేశాను."

ఇంకేదైనా తిట్టి ఉంటే బాగుండేది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి గ్లాసు ఇస్తే తీసుకుంది. సైదాబాద్ ఆమె అడ్రసు అడిగితే, "ఇప్పుడెందుకు?" అంది. కానీ రాసిచ్చింది.

సైదాబాద్‌లో ఆ ఇల్లు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది. వెనక గోడ మీద కూతురి పెళ్ళిఫోటో వేలాడుతోంది. పెద్ద షాపులో కొన్న చీరలో ఉంది ఆ అమ్మాయి.

"అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?" అని అడిగింది.

"ఇప్పుడు చెప్పేది నిజమండీ."

"అప్పుడు కూడా ఇలాగే చెప్పావు కదమ్మా" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. పెళ్ళి అయిపోయిందనీ, ఇప్పుడు ఆ సంగతులు ఎందుకనీ చెప్పి, లోపల పొయ్యి మీద ఏదో ఉందంటూ తలుపు వేసింది. మిగిలినవాళ్ళలో నలుగురిని కలిశాను. ఇద్దరు అయ్యో పాపం అన్నారు. ఒకామె అసలు ఏ చీర సంగతో మర్చిపోయింది. నన్ను మెచ్చుకుని టీ ఇచ్చిన కింది అంతస్తామె మాత్రం, "ఎంత పని చేశావే, ఆవిడ ముఖం చూడలేకపోతున్నాం మేము" అని మొఖం మీదే అంది. నాకు కాస్త ఊపిరాడింది ఆ ఒక్క ఇంట్లోనే.

రిపోర్టు దిద్ది ఇచ్చాను. ఈసారి అమ్మ మాటలు తీసేయలేదు. మార్కులు తగ్గాయి, స్కాలర్‌షిప్ ఆగలేదు. ఆ సంగతి చెబితే అమ్మ, "ఆగుతదంటివి గదా" అంది. నేను మంచినీళ్ళు తాగే వంకతో లేచాను. ఆమెకు అర్థమైంది. నన్ను ఒక్క నిమిషం చూసి, బట్టలు తియ్యడానికి మిద్దె మీదికి పోయింది. ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది, అందరి ముందూ ఆమెను కసిరిన నిమిషం కంటే ఎక్కువగా.

ఆంటీ మళ్ళీ చీరలు తేలేదు. వాళ్ళాయన రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాటు ఖాళీ చేసి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. అమ్మ, ఆమె ఫోన్లో మాట్లాడుకుంటారు. మోకాళ్ళ నొప్పులు, కూరగాయల ధరలు, ఎవరి పిల్లలు ఏం చేస్తున్నారు. అమ్మ ఫోన్ నాకివ్వబోతే, చేయి తడిగా ఉందనో, స్నానానికి పోతున్నాననో చెబుతాను.

నా చదువు అయిపోయింది. ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. బట్టలే పరీక్ష చేస్తాను. మొన్న ఎండాకాలంలో ఒక పని మీద దిల్‌సుఖ్‌నగర్ పోయి, అక్కడి నుంచి బడంగ్‌పేట్ వైపు వెళ్ళాల్సి వచ్చింది. మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఇంటికి, గృహప్రవేశానికి. బస్‌స్టాప్‌లో నిలబడి ఉంటే పక్క నుంచి, "ఏమే, అమ్మడూ!" అని పిలుపు వినిపించింది. ఆంటీ. చిక్కిపోయింది. చేతిలో మందుల కవరు. తెల్లటి నూలుచీర కట్టుకుంది.

"ఎండ చూశావా, ఎలా మాడ్చేస్తోందో" అంది. ఉద్యోగం ఎలా ఉందని అడిగింది. జీతం సరిగ్గా ఇస్తున్నారా అంది. అమ్మను ఇంక ఆ షాపు మానేయమని చెప్పమంది. అన్నిటికీ తలూపాను.

"ఎటు వెళ్తున్నావు?"

"ఇంటికి ఆంటీ. ఎల్బీనగర్" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"ఎల్బీనగర్ బస్సు అవతలి పక్కన కదే! ఇక్కడ నిలబడ్డావేంటి?"

"దాటుదామని చూస్తున్న."

ఆమె నన్ను చూసింది. బడంగ్‌పేట్ బస్సు వచ్చి ఆగింది. "జాగ్రత్తగా దాటు, బళ్ళు ఆగవు ఇక్కడ" అని ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది ఆమెకు. పక్క సీటు ఖాళీగానే ఉంది. బస్సు కదిలేదాకా నేను దాటబోతున్నట్టు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె చూస్తోందేమోనని నిజంగానే అవతలికి దాటాను.